ఏ బండెక్కాలి?

(బి.ఎస్సీ., ఎం.పి.సి., మూడవ సంవత్సరం విద్యార్థి)

పరాయి దేశం పోయినవాడికి మొదట ఎదురయ్యే చిక్కు భాష అనుకుంటాం. భాషకు సైగలున్నాయి, ఇప్పుడైతే జేబులో ఫోనున్నది. అసలు చిక్కు వేరే. ఒక ఊరు చూడటం అయింది, ఇక రెండో ఊరు పోవాలి. రైలెక్కాలా, బస్సెక్కాలా, కారు మాట్లాడుకోవాలా? మన కాలేజీలో చదివి బయటి దేశాలకు పోయిన సీనియర్లలో ఎవరిని కదిపినా ముందు ఈ ముచ్చటే చెబుతారు. ప్రకటనలు దీనికిచ్చే జవాబు ఒకటే: ఏది త్వరగా పోతే అది ఎక్కు. చేతిలో పైసలు తక్కువైతే ఏది చవకైతే అది ఎక్కు. ఈ రెండు జవాబులూ చాలవని నా అభిప్రాయం. బండిని దాని వేగాన్ని బట్టి కాదు, అది మనల్ని దింపిన చోట ఇంకొక బండి దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. దేశాలు కూడా తమ బండ్లను ఆ లెక్కనే నడపాలి. మన దేశం నడపడం లేదు.

విమానం మొహం చూడనివాడు విదేశయాత్ర గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనీయండి. మాది డోర్నకల్ దగ్గరి పల్లె. జంక్షన్ పక్కన పుట్టినవాడికి బండ్ల సంగతి ఎవరూ నేర్పనక్కర లేదు. పైగా, మా తాతల కాలంలో మా ప్రాంతం నుండి భద్రాద్రి రాముణ్ణి చూడబోవడమంటే అక్షరాలా విదేశయాత్రే. డోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండేది. భద్రాచలం గోదావరికి అవతలి ఒడ్డున, ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు రూపాయి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసేదాకా ఇదే కథ. కలిసిన తరువాత కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చింది.

ఆ యాత్రికుడి ముందు రెండు దారులు. ఒకటి మన దిక్కు నుండి: రైల్లో అడవి అంచు దాకా పోయి, దిగి, ఎడ్లబండి కట్టించుకుని గోదావరి గట్టు చేరి, పడవలో దాటడం. రెండవది రాజమండ్రి నుండి: లాంచీ ఎక్కి పాపికొండల నడుమ ఏటికి ఎదురెక్కడం. ఏది మేలు? రైలు వేగం ముందు లాంచీ వేగం ఎంత! కాని లాంచీ ఎక్కినవాడు నేరుగా రేవులో దిగుతాడు, మధ్యలో బండి మారే పని లేదు. మరి ఆ దారే మంచిదందామా అంటే, శ్రీరామనవమి వచ్చేది ఎండాకాలంలో. అప్పటికి గోదావరి సన్నబడి ఇసుక తేలుతుంది. కనుక నీళ్ళున్న కాలంలో ఒక జవాబు, నీళ్ళు లేని కాలంలో ఇంకొక జవాబు. ఆ కాలపు మనిషి వేగం లెక్క వేసుకుని ప్రయాణం పెట్టుకోలేదు. దిగినాక ఏముంది అన్నదే లెక్క వేసుకున్నాడు.

ఇంతకీ మన దిక్కు రైలు భక్తుల కోసం వేసింది కాదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. ఆ తరువాతనే నిజాం గ్యారంటీడ్ రైల్వే వరంగల్లు దాటి ఇటువైపు కదిలింది. డోర్నకల్ నుండి ఇల్లందు గనులకు కొమ్మ వేశారు. 1889 నాటికి అసలు లైను బెజవాడ చేరింది. 1929లో కాజీపేట నుండి బల్లార్షా దాకా లైను కలిశాక, ఢిల్లీ మద్రాసు బండ్లు మా ఊరి మీదుగా పోవడం మొదలైంది. బొగ్గుకు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో స్పష్టంగా తెలుసు. గని దగ్గర ఎక్కుతుంది, కొలిమి దగ్గర దిగుతుంది. మనిషికే ఆ వసతి లేదు. బొగ్గు కోసం వేసిన పట్టాల మీద మనిషి సర్దుకుని కూర్చున్నాడు, పట్టాలు ఆగిన చోట దిగి మిగతా దూరం తన తిప్పలు తాను పడ్డాడు. ఇది పాత కాలపు సంగతి మాత్రమే కాదు. 2022 నవంబరులో ప్రారంభమైన కొత్తగూడెం సత్తుపల్లి లైను కూడా బొగ్గు కోసం వేసిందే. నూట ముప్ఫై ఏండ్ల తరువాత కూడా ముందు టికెట్టు బొగ్గుకే!

కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. అక్కడి నుండి భద్రాచలం దాదాపు 40 కిలోమీటర్లు. మన స్టేషన్ల పేర్లలో 'రోడ్' అన్న మాటకు అర్థం ఏమంటే, 'నీవు అడిగిన ఊరు ఇక్కడ లేదు, ఇక్కడి నుండి ఆ ఊరికి రోడ్డున్నది' అని. మంత్రాలయం రోడ్ అంతే, మార్కాపూర్ రోడ్ అంతే. మనకు తెలుసు కనుక మోసపోము. ఎక్కడో బయటి దేశం నుండి వచ్చినవాడు ఫోనులో ఆ పేరు చూసి టికెట్టు తీసుకుంటే, రైలు దిగగానే గోపురం కనబడుతుందనుకుంటాడు. పేరులోనే దాచిపెట్టిన ఆ నలభై కిలోమీటర్ల గురించి టికెట్టు మీద ఒక్క ముక్క ఉండదు. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది కనుక ఇప్పుడు పడవ బాధ మాత్రం తప్పింది.

మా నాయిన పెద్దగా చదువుకోలేదు. మిరపకాయ ఖమ్మం మార్కెట్టుకు వెయ్యాలా, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టుకు వెయ్యాలా అన్న ముచ్చట వచ్చినప్పుడు అందరూ ధర అడుగుతారు. ఆయన అడిగేది ఒక్కటే: "వచ్చేటప్పుడు ఏమున్నది?" పోయేటప్పుడు సరుకుతో పాటు బండి ఉంటుంది. కాంటా అయ్యేసరికి పొద్దు గూకితే బండివాడు ఆగడు, ఆగితే ఆగినదానికి కిరాయి. రాత్రి అక్కడే పడుకుంటే తిండి ఖర్చు, తెల్లారి ఇంటికాడ కూలీలు వచ్చి కూర్చుంటారు. ఎక్కువ వచ్చిన నాలుగు రూపాయలు ఈ లోపలనే కరిగిపోతాయి. జర్మనీ పోయినా, జపాను పోయినా ఈ ప్రశ్న కంటె పనికివచ్చే ప్రశ్న ఇంకొకటి ఉందని నేననుకోను.

సైన్సు విద్యార్థిని కనుక ఒక చిన్న లెక్క చూపిస్తాను. ఇది ఊహించి వేసింది, ఏ ఒక్క బండిదీ కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో రైలు 100 కిలోమీటర్లు పోయింది, ఒక గంట. దిగినాక బస్సు కోసం రెండు గంటలు కూర్చున్నాం. తరువాత 40 కిలోమీటర్లు బస్సులో ఇంకో గంట. మొత్తం 140 కిలోమీటర్లకు నాలుగు గంటలు, అనగా సగటున గంటకు 35 కిలోమీటర్లు. ఇప్పుడు కోట్లు పోసి రైలు వేగాన్ని 130కి పెంచామనుకోండి. మిగిలేది 14 నిమిషాలు. పైసా ఖర్చు లేకుండా బస్సు బయలుదేరే వేళ మార్చి, రెండు గంటల ఎదురుచూపును అరగంట చేశామనుకోండి. మిగిలేది గంటన్నర, సగటు వేగం 56కు పోతుంది. వేగమంటే ఇంజనులో మాత్రమే ఉండేది కాదు, ప్లాట్‌ఫారం సిమెంటు బల్ల మీద కూడా ఉంటుంది. మన పాలకులు మొదటి దానికి పచ్చజెండా ఊపుతారు. రెండవదానికి జెండా లేదు, ఫొటో లేదు.

వేగం అక్కరలేదని నేననడం లేదు. ఇంటర్వ్యూకు పోయేవాడికి, ఆసుపత్రికి పోయేవాడికి గంట గంటే. 2023 జనవరి 15న సికింద్రాబాదు విశాఖపట్నాల మధ్య వందే భారత్ మొదలైంది. అది వరంగల్లులో ఆగుతుంది, ఖమ్మంలో ఆగుతుంది, డోర్నకల్‌ను మాత్రం చూసీ చూడనట్టు దాటిపోతుంది. మావాళ్ళలో కొందరికి దానిమీద కోపం. నాకు లేదు. ప్రతి ఊళ్ళో ఆగితే అది వందే భారత్ ఎట్లా అవుతుంది, మన ప్యాసింజరే అవుతుంది. నేనడిగేది వేరు. అది ఖమ్మంలో దింపినవాణ్ణి అందుకోవడానికి చిన్న బండి ఒకటి సిద్ధంగా ఉండాలి. పెద్ద కాలువలో నీళ్ళు ఎంత జోరుగా పారినా పిల్లకాలువ తెగి ఉంటే మడి ఎండుతుంది.

ఈ పిల్లకాలువ సంగతి మన ప్రాంతానికి తెలియనిది కాదు. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను తన చేతిలోకి తీసుకుని, 1932లో ఆ రైల్వే కిందనే బస్సులు మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది పనివాళ్ళు. రైలూ బస్సూ ఒకదానితో ఒకటి పోటీపడి చెడిపోకుండా ఒకే యాజమాన్యం కింద ఉండాలన్నది అందులోని ఆలోచన. నిజాం పాలనలో మెచ్చుకోదగినవి ఎన్ని అన్నది వేరే చర్చ. రైతు బిడ్డగా ఆ పాలన గురించి నేను ఇంట్లో విన్నవి మెచ్చుకోలు మాటలు కావు. కాని ఈ ఒక్క ఏర్పాటు మటుకు తెలివైనదే. తరువాత ఏమైంది? 1950లో రైలు కేంద్రానికి పోయింది, బస్సు రాష్ట్రానికి మిగిలింది. 1958లో ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టింది, రాష్ట్రం విడిపోయాక మన ఆర్టీసీ వేరైంది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకుంటారు, ఇల్లు పంచుకుంటారు. బావిని పంచుకోలేరు కనుక వంతులు పెట్టుకుంటారు. రైలూ బస్సూ వేరుపడ్డప్పుడు బావి లాంటి ప్రయాణికుడికి ఎవరూ వంతు పెట్టలేదు. రైలు టైం పట్టికలో బస్సు ఊసుండదు, బస్సు పట్టికలో రైలు ఊసుండదు.

బయటి దేశాల్లో ఈ పని చేసి చూపించినవాళ్ళున్నారు. స్విట్జర్లాండ్ మన తెలంగాణలో సగం కూడా లేని కొండల దేశం. అక్కడ 1982 నుండి దేశమంతా రైళ్ళు గడియారం ప్రకారం నడుస్తాయి. ఒక స్టేషన్లో నలుదిక్కుల నుండి బండ్లు ఇంచుమించు ఒకే సమయానికి చేరి, మనుషులు అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారినాక మళ్ళీ బయలుదేరుతాయి. బయట పసుపుపచ్చ పోస్టు బస్సు నిలబడి ఉంటుంది, కొండ మీది పల్లెకు పోవడానికి. 1987లో దీన్ని ఇంకా పెంచాలా వద్దా అని జనాన్నే ఓటు అడిగితే వాళ్ళు పెంచమన్నారు. అక్కడ రైలుకు ఎంత వేగం కావాలో నిర్ణయించేది ఈ కలుపుకోలే. రెండు కూడళ్ళ మధ్య గంట లోపల చేరితే చాలుననుకుంటే అంత వేగమే పెడతారు. అందుకే ఆ దేశం పోయిన యాత్రికుడు ఏ బండెక్కాలని పెద్దగా తల పట్టుకోడు. ఏది ఎక్కినా రెండవది దొరుకుతుంది.

జర్మనీలో 2023 మే నుండి ఒక నెల టికెట్టు తెచ్చారు. మొదట 49 యూరోలు, ఆ తరువాత ధర పెంచారు. దానితో దేశంలో ఎక్కడైనా సాధారణ రైళ్ళూ సిటీ బస్సులూ ఎక్కవచ్చు, మహావేగపు రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. మన పల్లెవెలుగు ఎక్కినట్టే అనుకోండి. అమెరికా సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడి పెద్ద నగరాలు నాలుగైదు వదిలేస్తే, కారు లేనివాడికి కాళ్ళు లేనట్టే. మన తెలుగు పిల్లలు చిన్న ఊళ్ళలోని యూనివర్సిటీలకు పోయి, కూరగాయలు తెచ్చుకోవడానికి కారున్న మిత్రుడి సెలవు రోజు కోసం ఎదురుచూస్తారట. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశంలో ఎంచుకోవడానికి బండే లేకపోవడం విచిత్రం కాదా?

ఎంచుకోవడమనేది అందరికీ ఒక్క తీరుగా ఉండదు. మా ఇంట్లోనే చూస్తున్నాను. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద మన రాష్ట్రపు ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అప్పటి నుండి ఖమ్మం పోవాలంటే మా అమ్మ బస్సు, మా నాయిన ప్యాసింజరు. ఒకే ఇంటి నుండి ఒకే ఊరికి పోయే ఇద్దరు రెండు దిక్కుల బయలుదేరుతారు. ప్యాసింజరు కనీస చార్జీ కరోనా కాలంలో 10 రూపాయల నుండి 30కి పెరిగి, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ 10కి దిగింది. ఆ ఇరవై రూపాయలు పట్నంవాళ్ళకు లెక్కలోకి రావు. రోజూ పోయి వచ్చే కూలీకి, పాలమ్మే మనిషికి, మన కాలేజీకి వచ్చే విద్యార్థికి అది ఏ బండెక్కాలో తేల్చేసే సొమ్ము. యాత్రికుడు తన ఇష్టం కొద్దీ ఎంచుకున్నాననుకుంటాడు. చాలాసార్లు ఎంపిక అతని కంటె ముందే, ఎక్కడో ఆఫీసులో జరిగిపోయి ఉంటుంది.

పరాయితనం కూడా పూర్తిగా పోలేదు. భద్రాచలం దాటి తూర్పుకు కొద్ది దూరం పోతే ఎటపాక. 2014లో పోలవరం కోసం ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మా అమ్మ ఆధారు కార్డు అక్కడితో చెల్లదు, టికెట్టు కొనాల్సిందే. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రలో కూడా ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది గాని అది ఆ రాష్ట్రపు ఆడవాళ్ళకు. ఒకే భాష, ఒకే దేవుడు, మధ్యలో మళ్ళీ ఒక సరిహద్దు. మా తాతలకు హాలీ సిక్కా చెల్లనట్టే ఇదీ.

ఇక మన దగ్గరికి వచ్చే విదేశీయుల మాట. రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ఉన్నది. 1939లో ప్రతిష్ఠ అయిన ఆ చర్చిలో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలగలిసి ఉంటాయి, అటువంటి కట్టడం అరుదు. భద్రాచలం ఉండనే ఉన్నది. వచ్చినవాడు ఏం చేస్తాడు? హైదరాబాదులో ఏసీ కారు మాట్లాడుకుని, రామప్ప ముందు దిగి, ఫొటో తీసుకుని, చీకటి పడేలోగా వెనక్కి పోతాడు. డోర్నకల్ పేరే అతనికి తెలియదు. అతణ్ణి నేను తప్పుపట్టను. రామప్పకు రైలు లేదు. వరంగల్లులో రైలు దిగి, హన్మకొండలో ములుగు బస్సు పట్టుకుని, అడ్డరోడ్డు దగ్గర ఆటో కోసం నిలబడాలి. ఏ బస్సు ఎన్నింటికో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పేవారు లేనప్పుడు కారు ఎక్కక ఏం చేస్తాడు?

బిషప్ అజరయ్య కూడా ఇక్కడికి పరాయివాడుగానే వచ్చాడు. తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతం వాడు, 1909లో డోర్నకల్ చేరాడు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తెలుగు నేర్చుకున్నాడు. జంక్షన్ దాకా రైలు, అక్కడి నుండి పల్లెలకు ఎడ్లబండి, సైకిలు. ఎవరు ఏ మతాన్ని నమ్మినా సరే, ఒక దేశం తెలియాలంటే ఏ బండెక్కాలన్న దానికి ఆయన పద్ధతి మంచి జవాబు. కారు అద్దం లోంచి చూసేది దేశం కాదు, దారి.

మనవాళ్ళకు చేతకాదని ఎవరైనా అంటే మేడారం చూపిస్తాను. అక్కడికి రైలు లేదు. అయినా రెండేండ్లకొకసారి మాఘమాసంలో ఆర్టీసీ వేల బస్సులు పెట్టి, గద్దెల దగ్గర తాత్కాలిక బస్టాండు కట్టి, లక్షల మందిని తెచ్చి తీసుకుపోతుంది. సొంత కారున్నవాడు ఎక్కడో దూరంగా ఆపి నడుస్తుంటే, బస్సులో వచ్చిన ముసలమ్మ తల్లుల దగ్గర దిగుతుంది. నాలుగు రోజులు చేయగలిగిన పనిని మిగతా రోజుల్లో చిన్న ఎత్తున ఎందుకు చేయకూడదు?

మన విద్యార్థి సంఘం ప్రతి యేడూ బస్ పాసుల గురించి వినతిపత్రం ఇస్తుంది. ఈ యేడు దానిలో ఇంకో రెండు వాక్యాలు చేర్చాలని నా కోరిక. వరంగల్లు, మహబూబాబాద్, డోర్నకల్, భద్రాచలం రోడ్ స్టేషన్లలో, రైలు దిగినవాడికి కనబడేటట్టు, అక్కడి నుండి పోయే బస్సుల వేళలు, ఆఖరి బస్సు వేళతో సహా, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాసి పెట్టాలి. సాయంత్రం ప్యాసింజరు వచ్చిన పది నిమిషాల తరువాత పల్లెవెలుగు కదలాలి, ముందు కాదు. దీనికి సర్వే అక్కరలేదు, భూసేకరణ అక్కరలేదు. రెండు ఆఫీసుల వాళ్ళు ఒక పూట ఒకే బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా 173 కిలోమీటర్ల కొత్త లైనుకు ఒప్పుకున్నది. అది పూర్తయిన నాడు రాముడి ఊరికి నిజంగానే రైలు వస్తుంది, కొత్తగూడెం స్టేషనుకు వేరే పేరు వెతకాల్సి ఉంటుంది. అంతవరకు ఆ 'భద్రాచలం రోడ్' అన్న పసుపుపచ్చ బోర్డు కిందనే, భద్రాచలం ఎంత దూరమో, తరువాతి బస్సు ఎన్నింటికో రాసి పెట్టవచ్చు.